మా బావ మాటలు భయం పుట్టిస్తున్నాయి. శ్రీకాకుళం వైపు ఎవరిని కలవాలి?

నాగావళి_గట్టు · ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇక్కడ ఇన్నాళ్లూ రైళ్ల టైములూ, ఉద్యోగాల నోటిఫికేషన్లే అడిగాను. ఇది వేరే సంగతి.

మా అక్క భర్తకి నలభై దాటాయి. ఆటో నడుపుతాడు. ఊరి పేరు వద్దు లెండి, శ్రీకాకుళానికి గంట దూరం. రెండు ఫైనాన్సులు, అవి చాలక ఫోన్లో తీసుకున్న యాప్ లోను ఒకటి. దసరా దగ్గర్నుంచి మనిషి మనిషిలా లేడు. కంచం ముందు కూర్చుంటాడు, రెండు ముద్దలు తిని లేచిపోతాడు. అర్ధరాత్రి లేచి అరుగు మీద కూర్చుంటున్నాడట. "నేను లేకపోతేనే మీకు సుఖం" అని అక్కతో రెండు మూడుసార్లు అన్నాడు. చిరాకులో అన్నాడనుకున్నాం.

మొన్న శుక్రవారం బండి సీబుక్కు, పాస్‌బుక్కులు, ఆధార్ కార్డులు అన్నీ ఒక కవర్లో పెట్టి అక్క చేతికిచ్చాడు. ఎవరికి ఎంత బాకీ, ఏది ఏ తారీఖున కట్టాలో కూర్చోబెట్టి చెప్పాడట. ఆ సాయంత్రమే, స్థలం తగాదాలో ఏళ్ల తరబడి మాటల్లేని తమ్ముడింటికి వెళ్లి టీ తాగి వచ్చాడు. రెండ్రోజులుగా చాలా ప్రశాంతంగా ఉన్నాడని ఇంట్లోవాళ్లకి ఆనందం. నాకు మాత్రం ఆ ప్రశాంతం చూస్తేనే టెన్షన్ పెరుగుతోంది.

నేనేమైనా అతిగా ఆలోచిస్తున్నానా? సూటిగా అడగొచ్చా, అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందా? ఎవరికి ఫోన్ చెయ్యాలి? పోలీసు గొడవలేమైనా ఉంటాయా? అత్తయ్యగారు భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్దాం అంటున్నారు.

నిర్వాహకుడు · ఆదివారం, రాత్రి 9:52

మిగతా సభ్యులు రాసేలోపు ముందు ఇది చూడండి. 14416, టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బు పడదు, తెలుగులో మాట్లాడతారు. అది కలవకపోతే 1800 891 4416. ప్రాణానికి ఇప్పుడే ముప్పు ఉందనిపిస్తే 108 లేదా 112.

ఈ చర్చలో ఎవరూ "ఫలానావాడు ఇలా చేశాడు" అని పద్ధతులు రాయొద్దు. రాస్తే తీసేస్తాను, వాదన పెట్టుకోవద్దు. చదివేవాళ్లలో ఇప్పుడు అదే బాధలో ఉన్నవాళ్లూ ఉంటారు. అలాంటివాళ్లు మీరే అయితే ఈ పేజీ పక్కన పెట్టి ముందు 14416కి చెయ్యండి.

పాత_ఏఎన్ఎం · ఆదివారం, రాత్రి 10:15

బాబూ, నువ్వు అతిగా ఆలోచించడం లేదు. ఇరవై ఏళ్లకి పైగా పల్లెల్లో తిరిగిన ఉద్యోగం నాది. కాగితాలు అప్పజెప్పడం, తగాదాలు తీర్చేసుకోవడం, చాలాకాలం కుమిలిపోయిన మనిషి ఉన్నట్టుండి నిమ్మళంగా కనిపించడం, ఈ మూడూ కలిసి వస్తే తేలిగ్గా తీసుకోకూడదు. తమ్ముడితో కలిసిపోవడం మంచిదే, కాదనను. కానీ ఆ కవరు సంగతి వేరు.

సూటిగా అడుగు. అడిగితే ఆలోచన పుడుతుందన్నది ఒట్టి అపోహ. దీని మీద చాలా పరిశోధనలే జరిగాయి, అడగడం వల్ల అలాంటి ఆలోచనలు పెరుగుతాయని తేలలేదు. చాలామందికి ఎవరో ఒకరు అడిగారన్న ఊరటే దొరుకుతుంది. కాకపోతే ఎలా అడుగుతావన్నది ముఖ్యం. "అలాంటి పిచ్చి పనులేం చెయ్యవు కదా" అంటే ఎవడైనా "ఛ, చెయ్యను" అంటాడు. నువ్వు కోరుకున్న జవాబు నీ ప్రశ్నలోనే ఉంది మరి. ఇలా అడుగు: "బావా, నిద్ర లేదు, తిండి లేదు, ఆ కాగితాలు ఇచ్చినప్పట్నుంచి నాకు భయంగా ఉంది. చచ్చిపోవాలని అనిపిస్తోందా?" ఆ మాటే వాడు. చుట్టూ తిప్పకు. అడిగి నోరు మూసుకో. వెంటనే జవాబు రాదు, రాకపోయినా నువ్వు మాట అందుకోకు.

ఔనంటే ఇంకా మూడు సంగతులు తెలుసుకోవాలి. ఎలా అని ఆలోచించాడా, ఎప్పుడని అనుకున్నాడా, అందుకు కావలసింది చేతికందే చోట ఉందా. మూడింటికీ ఔనని వస్తే ఆ రాత్రి మనిషిని ఒంటరిగా వదలొద్దు. తెల్లారేదాకా ఆగొద్దు.

అతను ఏమన్నా, ఏమనకపోయినా అక్కకి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పు. పొలం మందులు ఇంట్లో గానీ పశువుల పాకలో గానీ ఉంటే పక్కింటికో మీ ఇంటికో చేర్చెయ్యమను. మిగిలిపోయిన మాత్రలు కూడా. ఆ తలపు చాలామందికి ఒక ఉధృతిలా వచ్చి తగ్గుతుంది. ఆ కొద్దిసేపు చేతికి ఏదీ అందకపోతే మనిషి బతికి బయటపడతాడు. నా ఉద్యోగంలో ఇంతకన్నా పనికొచ్చిన సలహా ఇంకోటి లేదు.

కళింగ_కుర్రోడు · ఆదివారం, రాత్రి 10:31

ఏటి ఇదంతా. అలా అనీవోళ్లు చెయ్యరు, చేసీవోళ్లు చెప్పరు. మా ఊళ్లో ఒకాయన పదేళ్లుగా అంటన్నాడు, ఇప్పటికీ సంతకి మా ముందే ఎల్తాడు. అప్పు తీర్చీమనండి, అన్నీ సర్దుకుంటాయి.

చీపురుపల్లి_పాసింజర్ · ఆదివారం, రాత్రి 10:58

కుర్రోడా, నేను చెప్పాను. మా ఆవిడకి చెప్పాను, మా అన్నయ్యకి చెప్పాను. "మగాడివి, ఏటా మాటలు" అన్నారు. తర్వాత ఏం జరిగిందో ఇక్కడ రాయను, నిర్వాహకుడు తీసేస్తాడు. బతికాను. కాబట్టి ఆ సామెత నా ముందు వాడొద్దు.

మిల్లు మూతపడ్డాక నాకు ఆ రోజులు వచ్చాయి. అప్పు తీర్చేస్తే సర్దుకుంటుందా అంటే, అప్పు సగం తీరాక కూడా నాకు పోలేదు. అది అప్పుతో మొదలై తర్వాత దాని దారిన అది పెరిగే జబ్బు. ఛాతీ మీద బస్తా పెట్టినట్టుండేది. సలహాలు వినిపించేవి కావు. నన్ను కాపాడింది పెద్ద ఉపన్యాసం ఇచ్చినవాడు కాదు. నాతో మిల్లులో చేసిన ఒకాయన రోజూ సాయంత్రం వచ్చి ఏమీ అడక్కుండా పక్కన కూర్చునేవాడు. ఓ రోజు తన ఫోన్ నుంచే 14416 కొట్టి స్పీకర్ పెట్టి "నువ్వు మాట్లాడు, నేనిక్కడే ఉంటా" అన్నాడు. నా అంతట నేనైతే ఆ ఐదంకెలూ నొక్కేవాణ్ని కాదు, ఆ స్థితిలో అది కొండంత పని.

మొదట భాష ఎంచుకోమంటారు. తర్వాత కౌన్సెలర్ వస్తారు. నాకు దొరికినావిడ ముందు "ఇప్పుడు మీరు క్షేమంగా ఉన్నారా, పక్కన ఎవరైనా ఉన్నారా" అని అడిగింది. పేరు అడిగింది గానీ బలవంతం చెయ్యలేదు. నేను ఏడుస్తుంటే ఫోన్ పెట్టెయ్యకుండా ఆగింది. అవసరమైతే పై స్థాయిలో మానసిక వైద్యులకి కలుపుతారు, దగ్గర్లో ఏ ఆసుపత్రికి వెళ్లాలో చెప్తారు. ఒకసారి లైను దొరక్కపోతే మళ్లీ చెయ్యండి, వదిలెయ్యకండి.

కోర్టు_వీధి_విజయనగరం · సోమవారం, ఉదయం 7:20

పోలీసు భయం గురించి అడిగారు కాబట్టి. వకీలుని, ఇలాంటి కేసులు చూశాను.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ప్రాణం తీసుకోబోయిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి. కాదని రుజువైతే తప్ప విచారించడం, శిక్షించడం కుదరదు. ఆ మనిషికి వైద్యం, సంరక్షణ అందించే బాధ్యత ప్రభుత్వానిదని కూడా అదే సెక్షన్ చెప్తుంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత 309 సెక్షన్ లేనే లేదు. 226 అని ఒకటుంది. ప్రభుత్వోద్యోగి విధిని అడ్డుకోవడానికో, బలవంతపెట్టడానికో చేసే ప్రయత్నాలకే అది వర్తిస్తుంది. మీ ఇంటి పరిస్థితికి సంబంధం లేదు.

ఏదైనా జరిగి ఆసుపత్రికి తీసుకెళ్తే మెడికో లీగల్ కేసు అని రాస్తారు, పోలీసులు వచ్చి వాంగ్మూలం తీసుకుంటారు. అది పద్ధతి. దానికి భయపడి ప్రైవేటు క్లినిక్కుల చుట్టూ తిప్పుతూ గంటలు పోగొట్టుకున్న కుటుంబాలు నాకు తెలుసు. తిన్నగా పెద్దాసుపత్రికి వెళ్లండి. కేసు సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఉచిత న్యాయ సహాయం కావాలంటే 15100. శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ జిల్లా న్యాయసేవాధికార సంస్థలు ఉన్నాయి.

బ్యాంకు_బల్ల · సోమవారం, ఉదయం 8:05

అప్పుల వైపు నాకు తెలిసింది. వసూలు ఏజెంట్లు మామూలు అప్పులకి ఉదయం 8 ముందూ రాత్రి 7 తర్వాతా ఫోన్ చెయ్యకూడదని 2022 ఆగస్టులో ఆర్‌బీఐ చెప్పింది. మైక్రోఫైనాన్స్ అప్పులకైతే ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత కుదరదు. ఇంటి ముందు అల్లరి చెయ్యడం, చుట్టాలకి ఫోన్ చేసి పరువు తియ్యడం నిబంధనలకి విరుద్ధం. లోన్ యాప్‌లు మన ఫోన్లోని కాంటాక్టులూ ఫొటోలూ ముట్టుకోకూడదని కూడా ఉంది.

కాగితం మీద ఇంత ఉంది, గుమ్మం దగ్గర ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. నాకు తెలిసిన ఒక ఫైనాన్సు వాళ్లు రాత్రి భోజనాల వేళ నలుగురొచ్చి అరుగు మీద కూర్చునేవారు, గ్రూపులో ఆడవాళ్లనే ఒకరి మీదికొకర్ని ఉసిగొల్పేవారు. అందుకని వచ్చిన ప్రతి కాల్, మెసేజ్ దాచి ఉంచండి. ఫొటోలు మార్ఫింగ్ చేసి బెదిరించే దొంగ యాప్ అయితే 1930కి ఫోన్ చెయ్యండి, అది సైబర్ నేరాల నంబరు. ఆర్‌బీఐ గుర్తింపు ఉన్న సంస్థ అయితే ముందు వాళ్లకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆర్‌బీఐలో ఇలాంటి ఫిర్యాదులు తేల్చే అధికారి, అంబుడ్స్‌మన్‌, దగ్గరికి వెళ్లొచ్చు. వివరాలకి 14448.

ఇవన్నీ బావగారితో చేయించొద్దు. మీరే తీసుకోండి. "ఈ నెల ఫోన్లు నేను ఎత్తుతాను, నీ సిమ్ము నాకివ్వు" అంటే ఆ మనిషికి ఎంత తేలికవుతుందో.

నాగావళి_గట్టు · సోమవారం, రాత్రి 11:10

రాత్రి మీ పోస్టులు చదివి అక్కకి ఫోన్ చేశాను. పాకలో ఉన్నవి పక్కింటి మావయ్య ఇంటికి చేర్చేసింది, రాత్రంతా మెలకువగానే ఉంది. నేను పొద్దున్న ఫస్ట్ బస్సుకి వెళ్లాను. ఆటో తుడుస్తున్నాడు. ఏఎన్ఎం అమ్మగారు రాసినట్టే అడిగాను. చాలాసేపు గుడ్డతో అద్దమే తుడిచాడు, అదే చోట. తర్వాత "ఔన్రా" అన్నాడు. నెలరోజులుగా అనుకుంటున్నాడట. "ఎలాగా ఎవరో ఒకరు అడుగుతారేమో అనుకున్నా, అడగలేదు" అన్నాడు.

ఆటో అక్కడే వదిలేసి, నేనూ వాళ్ల తమ్ముడూ చెరోపక్క కూర్చుని బస్సులో శ్రీకాకుళం తీసుకెళ్లాం. సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఓపీ చీటీ తీయించాం. డాక్టర్ మమ్మల్ని బయటికి పంపి అతనొక్కడితో చాలాసేపు మాట్లాడారు. డిప్రెషన్ అన్నారు, మందులు రాశారు. పని చెయ్యడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుందనీ, తగ్గిందని మధ్యలో మానెయ్యొద్దనీ చెప్పారు. మాత్రలు వారానికి సరిపడానే ఇచ్చారు, అవి కూడా అక్క దగ్గరే ఉండాలన్నారు. వచ్చే సోమవారం మళ్లీ రమ్మన్నారు.

అత్తయ్యగారు ఇంకా భూతవైద్యుడే అంటున్నారు.

బొబ్బిలి_అమ్మాయి · సోమవారం, రాత్రి 11:34

ఆవిడతో గొడవ పెట్టుకోకండి. మా ఇంట్లో అమ్మ పైడితల్లి అమ్మవారికి మొక్కుకుంది, మేము మాత్రలు వేయించాం. తగ్గాక ఆ పేరు అమ్మవారికే వచ్చింది, రానివ్వండి, మాకేం పోయింది. కొట్టడం, పస్తు పెట్టడం, మందులు ఆపించడం లాంటివి చేసే చోటికి మాత్రం పంపొద్దు.

ఇంకో మాట. ఇక్కడ అందరూ బావగారి గురించే రాస్తున్నారు, మీ అక్క రాత్రంతా మెలకువగా ఉంది. నేను అలాగే మా ఆయన్ని కాచుకుంటూ కూర్చున్నదాన్ని, ఎవరూ నన్ను "నిద్రపోయావా" అని అడగలేదు. ఒక రాత్రి మీరుండి ఆవిడని పడుకోమనండి. 14416 ఇంట్లోవాళ్లకి కూడా. ఇంట్లో కొట్టడం, వేధింపుల వల్ల ఈ స్థితికి వచ్చిన ఆడవాళ్లకి 181 ఉంది.

ఉద్దానం_కొబ్బరిచెట్టు · మంగళవారం, ఉదయం 6:48

మాది కవిటి వైపు. మా ప్రాంతంలో కిడ్నీ జబ్బు గురించి అందరికీ తెలుసు. మనసు సంగతి ఎవరూ రాయరు. మా నాన్న డయాలసిస్ మీద ఉన్నారు, వారానికి మూడుసార్లు. పలాసలో 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలయ్యాక దూరం తగ్గింది. అంతకుముందు విశాఖ వెళ్లొస్తే ఆ రోజు పోయినట్టే. దూరం తగ్గినా "నా ఒక్కడి కోసం మీరంతా చితికిపోతున్నారు" అన్న మాట తగ్గలేదు. ఒక రోజు డయాలసిస్‌కి రానని మొండికేశారు. మేము చాదస్తం అనుకున్నాం. అక్కడి నర్సు గమనించి డాక్టర్‌కి చెప్పింది, ఆయన మానసిక వైద్యుడి దగ్గరికి పంపారు.

దీర్ఘరోగం ఉన్న పెద్దవాళ్లు వైద్యం వద్దనడం, మందులు మానెయ్యడం కూడా ఆ ఆలోచనకి గుర్తు కావచ్చు. ఇంకోటి, మానసిక వైద్యుడికి కిడ్నీ రిపోర్టులన్నీ చూపించండి. కిడ్నీ పనిచెయ్యనివాళ్లకి కొన్ని మందులు పనికిరావు, కొన్నిటి మోతాదు తగ్గించాలి. అరవై దాటినవాళ్లకి 14567 అని వృద్ధుల హెల్ప్‌లైన్ వేరుగా ఉంది.

వెరావల్_బోటు · మంగళవారం, ఉదయం 9:15

మా వాళ్లు సగం మంది గుజరాత్‌లో చేపల వేటలో ఉంటారు, మిగతావాళ్లు హైదరాబాదు, చెన్నైల్లో భవనాల పనుల్లో. మనిషి అక్కడ, మనం ఇక్కడ. ఫోన్లో గొంతు తేడాగా ఉంది, తర్వాత ఫోన్ ఎత్తడం లేదు. అప్పుడేం చెయ్యాలి?

కోర్టు_వీధి_విజయనగరం · మంగళవారం, ఉదయం 9:50

ఇక్కణ్నుంచి 112 కొడితే మన రాష్ట్రం కంట్రోల్ రూంకే పోతుంది. వాళ్లు అటు తెలియజేసే లోపు టైం పోతుంది. అందుకని రూమ్మేటుకో, పక్క రూంలో ఉన్న మనవాళ్లకో, మేస్త్రీకో ముందు ఫోన్ చేసి తలుపు కొట్టమనండి. వాళ్లనే అక్కణ్నుంచి 112 కొట్టమనండి. ఎవరూ దొరక్కపోతే ఆ ఏరియా పోలీసు స్టేషన్ నంబరు వెతికి నేరుగా చెయ్యండి. మనిషి లైన్లో ఉంటే కట్ చెయ్యనివ్వకండి, ఇంకో ఫోన్ నుంచి మరొకరు ఈ పనులు చెయ్యాలి.

వలస వెళ్లే ప్రతివాడి రూం అడ్రసు, పక్కవాళ్ల నంబర్లు రెండు ఇంట్లో రాసి పెట్టుకోండి. చాలా ఇళ్లలో "హైదరాబాద్‌లో ఉంటాడు" అన్నంత వరకే తెలుసు.

పాత_ఏఎన్ఎం · మంగళవారం, ఉదయం 10:20

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల్లో 2022లో దేశంలో 1,70,924 మంది ఇలా పోయారు. నలుగురిలో ఒకరికి పైగా రోజుకూలీలే. పదిమందిలో ఏడుగురు మగవాళ్లు. "మగాడివి, ఏటా మాటలు" అన్నదాని ఖరీదు అది.

రణస్థలం_రోడ్డు · మంగళవారం, మధ్యాహ్నం 1:30

నిన్నట్నుంచి చదువుతున్నాను, రాయాలా వద్దా అనుకుంటూ. మా తమ్ముడు పోయాడు. పెద్దకర్మ దాకా ఇల్లు నిండా జనం. మర్నాటి నుంచి ఎవరూ లేరు. వీధిలో ఎదురుపడితే తల తిప్పేసుకునేవారు, ఏం మాట్లాడాలో తెలియకే అని ఇప్పుడు అర్థమవుతోంది. వచ్చినవాళ్లు ఎలా జరిగిందని అడిగేవారు. ఒకరైతే అమ్మతో "ముందే గమనించుకోవాల్సింది" అన్నారు. అమ్మ అన్నం మానేసింది ఆ మాటకే.

అలాంటి ఇంటికి వెళ్తే పోయినవాడి పేరు పలకండి. చిన్నప్పుడు ఏం చేశాడో, ఎలా నవ్వించేవాడో చెప్పండి. మా ఇంటికి ఒకే ఒక్కావిడ అలా వచ్చేది, అరటికాయ కూర గిన్నెలో పట్టుకుని. కూర అక్కడ పెట్టి వాడు బడి ఎగ్గొట్టి చెరువుకి పోయిన కథ చెప్పేది. అమ్మ మొదటిసారి నవ్వింది ఆవిడ దగ్గరే. తర్వాత మేము కూడా డాక్టర్‌కి చూపించుకున్నాం, అమ్మా నేనూ ఇద్దరం.

పాత_ఏఎన్ఎం · మంగళవారం, మధ్యాహ్నం 1:52

తల్లీ, రాసినందుకు మంచి పని చేశావు. అలా పోయినవాళ్ల ఇంట్లోవాళ్లకి కూడా ముప్పు ఎక్కువే, మీరు చూపించుకోవడం సరైన పని. అమ్మ ఇప్పుడెలా ఉన్నారు?

రణస్థలం_రోడ్డు · మంగళవారం, మధ్యాహ్నం 2:05

తింటోంది అమ్మగారూ. మాటలు కూడా కొంచెం పెరిగాయి.

కళింగ_కుర్రోడు · మంగళవారం, సాయంత్రం 6:40

మా ఊళ్లో ఒకాయన పదేళ్లుగా అంటన్నాడని రాశాను కదా, ఇయాల ఆరి ఇంటికి ఎల్లాను. కూకున్నాను. రేపు 14416కి ఇద్దరం కలిసి చేస్తాం అన్నాం. ఆ ఫోన్ చేసినట్టు ఊళ్లో ఎవరికైనా తెలుస్తాదా? ఆయనకి అదే భయం.

చీపురుపల్లి_పాసింజర్ · మంగళవారం, సాయంత్రం 6:55

తెలియదు. నా సంగతి నేను చెప్పుకుంటే తప్ప ఇప్పటికీ మా వీధిలో ఎవరికీ తెలియదు. రేపటిదాకా ఎందుకు, ఇయాలే చెయ్యండి.

వెరావల్_బోటు · మంగళవారం, రాత్రి 8:30

ఇంకొక్కటి. మందులు వాడుతున్నవాడు సీజన్‌కి వెరావల్ వెళ్లాలి. నెలల తరబడి మందులు ఎవరిస్తారు?

పాత_ఏఎన్ఎం · మంగళవారం, రాత్రి 8:47

బయల్దేరే ముందు డాక్టర్‌కి ఆ మాట చెప్పమను, వెళ్లొచ్చో లేదో ఆయనే చెప్తారు. వెళ్లమంటే చీటీ అసలు కాగితం ఒకటి, ఫోన్లో ఫొటో ఒకటి ఉండాలి. మందు పేరు ఇంగ్లీషు పెద్దక్షరాల్లో రాయించుకోమను, అక్కడ షాపువాడికి అర్థమవ్వాలి. బోటులో ఒకే ఒక్క నమ్మకమైన మనిషికి సంగతి తెలిసి ఉండాలి, మాత్రలు ఆ మనిషి దగ్గరే ఉండాలి. ఒడ్డుకొచ్చినప్పుడల్లా ఇంటికి ఫోన్. 14416 దేశమంతా ఒకటే నంబరు.